దుమ్ము పట్టిన నలుడు

ఆషాఢపు వాన. వీధి దీపం చుట్టూ చినుకులు ముత్యాలు చెరిగినట్టు రాలుతున్నాయి. ఇల్లంతా నిద్రలో ఉంది. వంటింట్లో కుళాయి ఒక్కటే మేలుకుని, బొట్టు బొట్టుగా రాత్రిని లెక్కపెడుతోంది. నేను ముందు గదిలో, ఒంటి బల్బు వెలుగులో, నా చదవని పుస్తకాల ఎదుట నిలబడ్డాను. అప్పులవాళ్ళందరూ ఒకే పూట వచ్చి, ఒక్కరూ నోరు మెదపకుండా అరుగు మీద కూర్చుంటే, ఆ ఇంటాయన గుమ్మం పట్టుకుని ఎలా నిలబడతాడో అలా.

తర్వాత ఏది?

రెండు మాటల ప్రశ్న. పసిపిల్ల అడిగినట్టుంటుంది. కానీ ఈ రెండు మాటల సందులోంచి నా రాత్రులు ఎన్ని జారిపోయాయో! చిల్లు జేబులోంచి చిల్లర జారినట్టు, చప్పుడైనా చేయకుండా.

బీరువా ఎప్పుడో నిండింది. నిండాక దాని నెత్తిన గోపురం లేచింది. గోపురం ఒరిగాక దివాన్ కింద అట్టపెట్టెలు చేరాయి. ఆ తర్వాత అటక మీద, ఒకప్పుడు బియ్యం ఉన్న సంచుల్లోకి కథలూ కావ్యాలూ వలస వెళ్ళాయి. ప్రతి వరసలోనూ మా ఆవిడ వేసిన కలరా ఉండలు, ఎండి పొడిపొడి అయిన వేపాకు. ఏటా చలికాలం ఎండలో వాటిని ఆరబెట్టి, పాత చీర ముక్కతో తుడిచి, మళ్ళీ సర్దేది ఆమే. ఒకసారి అలా సర్దుతూ అంది: "పురుగు ముట్టకుండా నేను కాపలా కాశాను. మీరు ముట్టకుండా ఎవరు కాశారండీ?"

జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మొన్న మాఘంలో గోడలకు రంగులు వేయించాం. గుట్టలన్నీ హాలు మధ్యకు చేర్చాల్సి వచ్చింది. చేరుస్తూ లెక్కపెట్టాను. చదివినవి ఒక పక్క, చదవనివి ఒక పక్క. చదవనివి 611. నిచ్చెన మీది కుర్రాడు బ్రష్షు ఆపి, కళ్ళింత చేసుకుని, "ఇవన్నీ చదివేశారా సార్?" అన్నాడు. నేను తల ఊపాను. ఏ వైపు ఊపానో నాకే తెలియనట్టు ఊపాను. వాడు అది అవుననుకుని దండం పెట్టినంత పని చేశాడు. ఆ రోజు నుంచి ఆ గోడ వంక చూసినప్పుడల్లా నా అబద్ధం రంగు నాకు కనబడుతుంది. లేత నీలం.

రోజూ ఒకటే తంతు. భోజనాలయ్యాక ఒక పుస్తకం తీస్తాను. మొదటి పేజీ చదువుతాను. బాగుంటుంది. చిక్కంతా ఆ బాగుండడంలోనే ఉంది. ఇదే ఇంత బాగుంటే దీని పక్కది ఎలా ఉంటుందోనని చెయ్యి పక్కకు పోతుంది. దాని మొదటి పేజీ ఇంకో వాసన వేస్తుంది. అది చేతిలో ఉండగానే కింది వరసలోంచి మరొకటి కొంగు పట్టి లాగుతుంది. పదకొండయ్యేసరికి ఒళ్ళో నాలుగు పుస్తకాలు, కళ్ళ నిండా నిద్ర. ఎన్ని ఊళ్ళ పొలిమేరల దాకా వెళ్ళి వచ్చానో! ఒక్క ఊళ్ళోనూ రాత్రి బస చేయలేదు. ఎన్ని గుమ్మాలు తెలుసో! ఒక్క ఇంట్లోనూ విస్తరి ముందు కూర్చోలేదు. తెలుగు సాహిత్యంలో మొదటి పేజీలకు పట్టాభిషేకం అంటూ ఉంటే ఆ కిరీటం నాది.

దసరాల్లో మూలా నక్షత్రం నాడు పుస్తకాలు సరస్వతి ముందు పెట్టి, పసుపూ కుంకుమా అద్ది, ఆ పూట చదవకూడదంటారు. ఆ ఒక్క పూట నియమాన్ని నేను ఏడాది పొడుగునా నిష్ఠగా పాటిస్తున్నాను.

వానహోరు తగ్గినప్పుడు వాటి గొంతులు వినబడతాయి. అన్నిటికంటే బరువైనది అడుగున ఉండి, పైవాటి భారమంతా మోస్తూ, కంచుగొంతుతో పలుకుతుంది. విశ్వనాథ వారి 'వేయిపడగలు'. 1934లో ఆయన దాన్ని 29 రోజుల్లో చెప్పి రాయించారని చెప్పుకుంటారు. 29 రోజుల్లో పుట్టిన నవల మా ఇంట 22 ఏళ్ళుగా ఎదురుచూస్తోంది. దాన్ని ఆనుకునే అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ఆనాడు తన నవలా బహుమతిని ఈ రెంటికీ చెరిసగం పంచింది. నా అలమరలో అవి రెండూ దుమ్మును చెరిసగం పంచుకున్నాయి.

వాటి మీద నవీన్ 'అంపశయ్య'. 1969లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి గడిపిన ఒకే ఒక్క రోజు కథ. ఆ ఒక్క రోజు చదవడానికి నాకు ఒక్క రోజు దొరకలేదు. దాని పక్కన గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'. అట్ట మీద పేరు చదవగానే ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టు ఉలిక్కిపడి, దాని చోట దాన్ని పెట్టేశాను. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' కూడా ఉంది. ఆయన నవలలో చివరకు ఏది మిగులుతుందో చదివినవాళ్ళు చెప్పాలి. మా ఇంట్లో మిగిలేది మాత్రం ఈ గుట్టే.

ఇంకొకటుండేది, సన్నది. దాని గొంతు నాకు భయం. 'కాలాతీత వ్యక్తులు'. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ఒకే ఒక్క నవల. 1961లో, 30 దాటీ దాటని వయసులో ఆవిడ వెళ్ళిపోయారు. అంత చిన్న ఆయుష్షులో, అందులోనూ వైద్యం నడుమ, ఆవిడకు రాయడానికి తీరిక చిక్కింది. ఇంత పెద్ద ఆయుష్షులో, చేయడానికి పెద్ద పనేం లేని సాయంత్రాల్లో, నాకు చదవడానికి చిక్కలేదు. ఆ పుస్తకాన్ని తీసి, అట్టను అరచేత్తో రాసి, ఎన్నిసార్లు "రేపు" అన్నానో. రేపు అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో అంత ఎంగిలి మాట.

కొన్నప్పుడు ఎంత ప్రేమగా కొన్నాను! సంక్రాంతి ముందు బెజవాడలో పుస్తకాల పండగ. స్వరాజ్ మైదానంలో మట్టి నేల, కాళ్ళకు దుమ్ము, చలి గాలిలో కొత్త అచ్చు వాసన. రెండు చేతులా సంచులు మోస్తుంటే వాటి తాళ్ళు వేళ్ళను కోసేవి. ఆ ఎర్రటి చారలు రెండు రోజులుండేవి. కొత్తగా పెళ్ళైనవాడు ఉంగరం చూసుకున్నట్టు వాటిని చూసుకునేవాణ్ణి. జీతం రోజున కొన్నది ఒకడు. మనసు బాగాలేక కొన్నది ఇంకొకడు. చరిత్ర అంతా ఔపోసన పట్టేస్తానని ఆరు సంపుటాలు ఎత్తుకొచ్చినవాడు మరొకడు. వాళ్ళంతా నేనే, వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఆ పోయినవాళ్ళ అప్పులన్నీ ఈ బల్బు కింద నిలబడ్డవాడి మెడకు చుట్టుకున్నాయి.

ఒక ఆదివారం హైదరాబాద్ అబిడ్స్ పేవ్‌మెంటు మీద, మూసిన కొట్ల ముందు పరిచిన పాత పుస్తకాల్లో ఒక పద్యకావ్యం దొరికింది. లోపలి పేజీలో నీలం సిరాతో ఎవరో వధూవరులకు ఆశీస్సులు రాసి ఇచ్చారు. కింద తారీఖు, 1974. ఇంటికి తెచ్చి విప్పితే, అంచుల్లో మడతలుగా కలిసే ఉండి కోయాల్సిన కాగితాలు మధ్యలో ఇంకా కోయనే లేదు. ఆ పెళ్ళి జంట చదవలేదు. వాళ్ళ దగ్గర కొన్నవాడు చదవలేదు. నేనూ చదవలేదు. పాపం, ఎన్ని చేతులు మారిందో! ఒక్క జత కళ్ళకు అందలేదు.

ఇలాంటి ఏడుపు నా చిన్నతనానికి తెలియదు. మా ఊరి పంచాయతీ గదిలో ఒకటే బీరువా. తాళం ఉన్నాయన సాయంత్రం వచ్చి తీసేవాడు. ఒకసారికి ఒకటే పుస్తకం. అది తిరిగి ఇస్తేనే ఇంకోటి. ఏది ఖాళీగా ఉంటే అదే నా వంతు. డిటెక్టివ్ నవల ఇచ్చినా, హరిశ్చంద్రోపాఖ్యానం ఇచ్చినా, వ్యవసాయశాఖ వాళ్ళ ఎరువుల పుస్తకం ఇచ్చినా, మిఠాయి పొట్లంలా గుండెకు హత్తుకుని పరుగెత్తుకొచ్చేవాణ్ణి. పేజీల మధ్య నెమలీక పెట్టి, పిల్లలు పెడుతుందేమోనని రోజూ చూసేవాణ్ణి. నెమలీక పిల్లలు పెట్టలేదు గానీ పుస్తకాలు పెట్టాయి. ఆ సంతానమే ఇప్పుడు ఇల్లంతా పాకుతోంది.

ఈ నేల పుస్తకాన్ని పడవెక్కించిన నేల. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. తెరచాప విప్పిన పడవ, దాని కింద అలమరలు, గట్టున ఎదురుచూసే రైతులు. ఆ దృశ్యం తలుచుకుంటే నా ఒళ్ళు జలదరిస్తుంది. నీళ్ళను చీల్చుకుంటూ పుస్తకమే పాఠకుడి వాకిటికి వెళ్ళింది ఆనాడు. అదే పుస్తకం ఈనాడు నా మంచానికి మూరెడు దూరంలో ఉంది. ఆ మూరెడు దాటడానికి నాకు పడవ దొరకలేదు.

ఒకసారి కాగితం తీసి లెక్క వేశాను. లెక్క వేయకుండా ఉండాల్సింది. నా వయసు 57. గట్టిగా కూర్చుంటే నెలకు రెండు చదవగలను. అంటే ఏడాదికి 24. కళ్ళు సహకరించి ఇంకో 20 ఏళ్ళు చదివాననుకుందాం. 480. గుట్టలో ఉన్నవి 611. ఈ రోజు నుంచి ఒక్కటి కూడా కొనకపోయినా, ఒక్క నెల కూడా జ్వరం రాకపోయినా, 131 మిగిలిపోతాయి.

ఏవి ఆ 131? అదే నా గుండెలో ముల్లు. అవి తమంతట తాము మిగిలిపోవు. వాటిని నేనే మిగల్చాలి. ఒకదాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ, ఎక్కడో అటక మీద చీకట్లో, ఇంకొకదాని పేరు ఆ జాబితాలో చేరుతుంది. ఏది చదవాలో ఎంచుకుంటున్నానని అనుకుంటాను గానీ, నిజానికి ఏది చదవకుండా పోవాలో తీర్పు రాస్తున్నాను. ఏ నేరం చేశాయి అవి? చెట్టుగా నిలబడి, గుజ్జుగా నలిగి, ఒక మనిషి నిద్ర మానుకుని రాసినదాన్ని ఒంటి మీద మోసుకుని నా దగ్గరికి వచ్చాయి. వచ్చి తలుపు తట్టలేదు, తిండి అడగలేదు. నాకు వయసు మళ్ళుతున్నట్టే అవీ మౌనంగా పండిపోయాయి. నా జుట్టుకు తెలుపు వచ్చింది, వాటి అంచులకు పసుపు వచ్చింది. ఒకే కప్పు కింద కలిసి ముసలివాళ్ళమయ్యాం, ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా.

ఇలాంటి రాత్రుల్లో నాకు దమయంతి గుర్తొస్తుంది. స్వయంవర మండపంలో వరమాల పట్టుకుని నిలబడింది పిల్ల. ఎదురుగా ఒకరు కాదు, అయిదుగురు నలులు. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుడి రూపం వేసుకుని కూర్చున్నారు. అదే ముఖం, అవే కుండలాలు, అదే చిరునవ్వు. మనసిచ్చింది ఒకరికి, చూపుకి అందరూ ఒకటే. చివరకు ఆమె మొర విని దేవతలు తమ గుర్తులు బయటపెట్టారు. వాళ్ళ కళ్ళు రెప్ప వేయవు. వాళ్ళ ఒంటికి చెమట పట్టదు. మెడలో దండలు వాడవు. పాదాలు నేలను తాకవు, దుమ్ము అంటదు. అయిదో వాడికి నేల మీద నీడ ఉంది, నుదుట చెమట ఉంది, మెడలో వాడిన పూలున్నాయి, ఒంటి మీద దుమ్ముంది. ఆ దుమ్మును చూసి గుర్తుపట్టింది ఆమె. వాడిన పూలున్న మెడలోనే వాడని దండ వేసింది.

నా మండపంలోనూ దేవతలున్నారు. చేతిలో ఫోను ఉంది, రాత్రంతా రెప్ప వేయదు. నిన్న కొరియర్‌లో వచ్చిన కొత్త పుస్తకం ఉంది, ప్లాస్టిక్ తొడుగులో చెమట ఎరగదు. నలుగురూ మెచ్చుకుంటున్న నవల ఉంది, దాని దండ ఈ నెలంతా వాడదు. అందరూ చదివారని నేనూ చదివినట్టు మాట్లాడే గొప్ప గ్రంథం ఉంది, దాని పాదాలు నేలకు ఆనవు. వీటన్నిటి వెనక, ఎక్కడో, ఒంటి నిండా దుమ్ముతో, నాకోసం వచ్చినవాడు నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఆ దుమ్ము చూసే నేను ముఖం తిప్పుకున్నాను.

ఇంతకంటే పెద్ద దుఃఖం ఒకటుంది. అది చెప్పకపోతే ఈ శోకం పూర్తి కాదు.

రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో, 11వ శతాబ్దంలో నన్నయ భారతం తెలుగు చేయడం మొదలుపెట్టాడు. రెండు పర్వాలు పూర్తయ్యాయి. మూడోది అరణ్యపర్వం. దాని నడుమ, శరత్కాలపు రాత్రుల్ని వర్ణిస్తూ ఉండగా ఆయన గంటం ఆగిపోయిందని చెప్పుకుంటారు. వెన్నెల అలాగే ఆకు మీద ఉండిపోయింది. 13వ శతాబ్దంలో తిక్కన వచ్చి విరాటపర్వం నుంచి ఎత్తుకుని 15 పర్వాలు చెప్పాడు, ఆ ఆగిన చోటును మాత్రం ముట్టుకోలేదు. 14వ శతాబ్దంలో ఎర్రన వచ్చాడు. ఆగిన ఆ వెన్నెల దగ్గర కూర్చుని, అరణ్యపర్వాన్ని పూర్తి చేసి, దాన్ని ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితంగా చెప్పాడు. నన్నయే చెబుతున్నట్టు చెప్పాడు. దాదాపు మూడు వందల ఏళ్ళ మౌనాన్ని అతుకు కనబడకుండా కుట్టాడు.

రాయడానికి ఎర్రన దొరికాడు. చదవడానికి ఎర్రన దొరకడు.

నా బదులు ఎవరైనా కరెంటు బిల్లు కట్టగలరు. నా బదులు తద్దినం పెట్టగలరు. నేను సగంలో ఆపిన ఇల్లు కట్టగలరు, నేను మొదలుపెట్టిన వాక్యాన్ని కూడా పూర్తి చేయగలరు. నేను చదవని పేజీ మాత్రం నాకు చదవనిదిగానే ఉంటుంది. ఆ కన్నీరు నా కంట రాదు, ఆ నవ్వు నా పెదవిని తాకదు. నాలో వెలగాల్సిన ఆ దీపం చీకటిని చూడకముందే చల్లారిపోతుంది. ఓ 131 పుస్తకాల్లారా! మీ పేర్లు కూడా నాకు తెలియవు. మీలో ఎవరు మిగిలిపోతారో నేనింకా నిర్ణయించలేదు. అయినా మీకోసం ఇప్పుడే ఏడుస్తున్నాను.

ఏడ్చి ఊరుకుంటే ఈ రాత్రీ అన్ని రాత్రుల్లాంటిదే అయ్యేది. కానీ పోయిన వారం ఒక చిన్న సంగతి జరిగింది. పై వాటాలో ఉండే అమ్మాయి గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. నిమ్మకాయలు ఇవ్వడానికి వచ్చి, గుట్టను చూసి, "ఒకటి పట్టుకెళ్ళనా అంకుల్?" అంది. ఏదో ఒకటి తీసుకోమన్నాను. ఆమె మొదటి పేజీలు తిప్పలేదు. పక్కదానితో పోల్చలేదు. చేతికందిన సన్నదాన్ని లాక్కుని మెట్లెక్కేసింది. అది 'కాలాతీత వ్యక్తులు'.

రెండు రోజులకు కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది. "ఇందిర మీద కోపం రావట్లేదు అంకుల్. రావాలి కదా? ఎందుకు రావట్లేదు?" అని నన్నే అడిగింది. నేను ఆ పుస్తకం చదివినవాణ్ణని అనుకుంది. ఈసారి నా తల ఊగలేదు. "నేను చదవలేదమ్మా" అన్నాను. ఆమె కాసేపు ఆశ్చర్యపోయి, తర్వాత మెట్ల మీద కూర్చుని, అరగంట సేపు నాకు ఇందిర గురించి చెప్పింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింది. శ్రీదేవి గారు రాసిన మనిషి, అట్టల మధ్య ఇన్నేళ్ళు ఊపిరి బిగబట్టి ఉన్న మనిషి, మా మెట్ల మీద నడిచి వెళ్ళినట్టయింది.

ఆ పిల్ల నా తరఫున చదవలేదు. నా లోటు లోటుగానే ఉంది. కానీ పుస్తకం తరఫున చదివింది. నేనింతకాలం నా దుఃఖం గురించే ఏడ్చాను, పుస్తకానికి కూడా ఒక దుఃఖం ఉంటుందని మరిచిపోయాను. దాన్ని తీర్చడానికి నా కళ్ళే అక్కర్లేదు. ఎవరి కళ్ళైనా చాలు. "అది నీ దగ్గరే ఉంచుకోమ్మా" అన్నాను. మిగిలిపోయే 131 ఏవో తేల్చే పని ఆ రోజుతో వదిలేశాను. ఇంటికి ఎవరొచ్చినా ఒకటి పట్టుకెళ్ళొచ్చు. పడవ మునిగే బరువు నాకెందుకు? గట్టున ఎవరున్నారో చూసి దించుకుంటూ పోతాను.

ఈ రాత్రి వరమాల నా చేతిలో ఉంది. ఫోను పక్కగదిలో పెట్టి వచ్చాను. పాత చీర ముక్కను మాత్రం ముట్టుకోలేదు. గుట్టల మీద వేలు గీస్తూ నడిచాను. కొన్నిటి మీద వేలు సన్నని గీత గీసింది. కొన్నిటి మీద బాట వేసింది. దివాన్ కింద చివరి పెట్టెలో, అడుగున, ఒకదాని మీద వేలు దిగబడింది. దాన్ని బయటికి లాగాను. దారం వదులైంది, అంచులు వాడిన మొగలిరేకు రంగుకు తిరిగాయి. ఊదితే దుమ్ము బల్బు చుట్టూ లేచి, బంగారు పొగలా కాసేపు నిలబడి, నా భుజాల మీదే వాలింది.

అరణ్యపర్వం. తిరుపతి దేవస్థానం వారు టీకాతాత్పర్యాలతో వేసిన భారతంలోది.

నా గొంతులో ఏదో అడ్డం పడింది. ఇంతసేపూ మీకు చెప్పిన దమయంతి కథ ఇందులోదే. నన్నయ గంటం ఆగింది ఇందులోనే. రెండూ నేను మా అమ్మమ్మ నోట విన్నవి, గుళ్ళో హరికథల్లో విన్నవి, బడిలో మాస్టారు చెప్పగా విన్నవి. ఒక్క పద్యం కూడా ఈ కాగితం మీద నా కళ్ళతో చదివి ఎరగను. వింటే భారతమే వినాలన్నారు పెద్దలు. విన్నాను కదా అని చదవడం మానేసినవాణ్ణి నేను.

వాన వెలిసింది. కుళాయి ఇంకా లెక్కపెడుతూనే ఉంది. కింద చాప వేసుకుని కూర్చున్నాను. మొదటి పేజీ తిప్పాను, రెండోదీ తిప్పాను. ఒకటి పై వాటా అమ్మాయి దగ్గరుంది, ఒకటి నా ఒళ్ళో ఉంది. గుట్టలో ఇప్పుడు 609 ఉన్నాయి.